యూనివర్సిటీకి మిషన్ ఇస్తారు సరే, దాన్ని నడిపే మనిషినెవరిస్తారు?

రాళ్లసీమ రసాయనం
సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఒక విషయంలో సలహా కావాలి. సీమలో ఒక రాష్ట్ర యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతాను. పదకొండేళ్ల సర్వీసు. మా డిపార్ట్‌మెంట్‌లో మంజూరైన పోస్టులు పద్నాలుగు, ఉన్నవాళ్లం ఐదుగురం, మిగతా అంతా గెస్ట్ ఫ్యాకల్టీ. పోయిన వారం ఒక పెద్ద కేంద్ర సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. హబ్ అండ్ స్పోక్ పద్ధతిలో ప్రపోజల్ పెడుతున్నారట. వాళ్లు హబ్, మాలాంటి కొన్ని యూనివర్సిటీలు స్పోక్‌లు. చేరేట్టయితే రిజిస్ట్రార్ సంతకంతో శుక్రవారం లోపు లెటర్ పంపాలి.

ఎగిరి గంతేయాల్సిన మాటే. కానీ పాత దెబ్బ ఒకటి ఉంది నాకు. కొన్నేళ్ల కిందట ఒక ప్రాజెక్టులో జీసీ-ఎంఎస్ అనే రసాయనాల విశ్లేషణ మిషన్ వచ్చింది. నీళ్లలో పురుగుమందుల అవశేషాలు చూడాలని రాసుకున్నాం. మార్చి నెలాఖరున చెక్కపెట్టెలో దిగింది. దిగాక చూస్తే గదిలో త్రీఫేజ్ లైన్ లేదు, ఏసీ లేదు. పదకొండు నెలలు పెట్టెలోనే ఉంది. వారంటీ లెక్క డెలివరీ తేదీ నుంచట. బిగించాక మాకు మిగిలింది ఒక్క నెల. రెండో ఏడు పంపు పోయింది. కంపెనీ వాళ్లు ఏఎంసీకి, అంటే ఏడాది మెయింటెనెన్స్‌కి, నాలుగు లక్షలు చెప్పారు. ఆ ఖర్చు ఏ హెడ్ కింద రాయాలో యూనివర్సిటీలో ఎవరికీ తెలియదు, ప్రాజెక్టేమో అప్పటికే క్లోజ్ అయింది. ఇప్పుడు దాని మీద గుడ్డ కప్పి ఉంచాం. ప్రతి ఆయుధ పూజకీ బొట్టు పెడుతున్నాం. నిరుటి కుంకుమ ఇంకా అలాగే ఉంది.

చేరమంటారా, వద్దంటారా?

ఐదో ఏడు స్కాలర్
సోమవారం, రాత్రి 10:31

మేడమ్, బొట్టు మాట చదివి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. మా ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ మిషన్‌కి దండ కూడా వేస్తారు.

మెరిట్ మాట
సోమవారం, రాత్రి 11:05

కటువుగా అనిపిస్తే క్షమించండి. ఇలాంటి స్కీములే తప్పని నా అభిప్రాయం. పనిచేసే చోట డబ్బు పెడితే పేపర్లొస్తాయి, పేటెంట్లొస్తాయి. వెనకబడిన ప్రాంతమని పంచుకుంటూ పోతే ఇదిగో, గుడ్డ కప్పిన మిషన్లు మిగులుతాయి. ఉన్న కాస్త డబ్బునీ పదిమందికి పంచి ఎవరి కడుపూ నింపకపోవడం ఏం న్యాయం?

పొద్దుతిరుగుడు
మంగళవారం, ఉదయం 6:20

నేను కాన్సస్‌లో పాఠాలు చెబుతాను. నమ్మండి, నమ్మకపోండి, పరిశోధన డబ్బు లెక్కలో మాదీ వెనకబడిన రాష్ట్రమే. మెరిట్ మాట గారు అడిగింది అమెరికాలో 1970ల్లోనే పెద్ద గొడవ. సైన్సు పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్‌ని పెట్టినప్పుడు, 1950 చట్టంలోనే, పరిశోధన డబ్బు కొన్ని చోట్లే పోగుపడకుండా చూడాలని రాసుకున్నారు. పోగుపడనే పడింది. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, న్యూయార్క్ లాంటివి పెద్ద ముక్కలు తినేస్తుంటే, మధ్యలో ఉన్న రాష్ట్రాల నుంచి పిల్లలు చదువుకోడానికి వెళ్లి అక్కడే ఉండిపోయేవారు.

అప్పుడు 1979లో ఎప్‌స్కోర్ అని ఒక ప్రోగ్రామ్ పెట్టారు. 1980లో మొదటి డబ్బు ఐదు రాష్ట్రాలకి వెళ్లింది: ఆర్కన్సా, మెయిన్, మోంటానా, సౌత్ కరోలినా, వెస్ట్ వర్జీనియా. అర్హత సూటిగా ఉంటుంది. ఎన్‌ఎస్‌ఎఫ్ పరిశోధన నిధుల్లో గత ఐదేళ్లలో మీ రాష్ట్రానికి వచ్చింది 0.75 శాతమో అంతకంటే తక్కువో అయితే మీరు అర్హులు. ఇప్పుడు 25 రాష్ట్రాలు, ప్యూర్టోరికో, గ్వామ్, వర్జిన్ ఐలాండ్స్ ఈ లెక్కలోకి వస్తాయి. వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్‌లో ఐడియా అని 1993లో ఇలాంటిదే ఇంకోటి వచ్చింది.

నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఎప్‌స్కోర్‌లో యూనిట్ యూనివర్సిటీ కాదు, రాష్ట్రం. చాలాకాలం నడిచిన పెద్ద గ్రాంటు ఐదేళ్లకి 2 కోట్ల డాలర్ల దాకా ఉండేది. రాష్ట్రంలోని కాలేజీలన్నీ కూర్చుని, మన రాష్ట్రానికి ఏం కావాలో ఒక మాట అనుకుని ఒకే ప్రపోజల్ పెట్టాల్సి వచ్చేది. 20 శాతం రాష్ట్రం తన జేబులోంచి పెట్టాల్సి వచ్చేది. ఆ డబ్బుతో మిషన్లూ కొనేవారు, కొత్త లెక్చరర్లకు ల్యాబ్ పెట్టుకోడానికి మొదటి డబ్బు కూడా ఇచ్చేవారు. ముందు మనిషి, తర్వాత మిషన్.

మెరిట్ మాట
మంగళవారం, ఉదయం 9:48

మంచి వివరం. కానీ మీరే చెప్పారు, 25 రాష్ట్రాలు ఇప్పటికీ అర్హులేనని. నలభై అయిదేళ్లు పోశాక సగం దేశం ఇంకా వెనకబడే ఉందంటే ఆ మందు పనిచేసినట్టా?

పొద్దుతిరుగుడు
మంగళవారం, రాత్రి 7:15

ఈ ప్రశ్న ఇక్కడా ప్రతి ఏడూ అడుగుతారు. ఎప్‌స్కోర్ పూర్తి పేరులో ముందు 'ఎక్స్‌పెరిమెంటల్' అని ఉండేది, అంటే ప్రయోగం. 2017లో దాన్ని 'ఎస్టాబ్లిష్డ్' అని మార్చేశారు. ప్రయోగం ముగిసిందనకుండా స్థిరపడిందన్నారన్నమాట. టెన్నెస్సీ, యూటా లాంటివి గీత దాటి బయటికెళ్లాయి. అలా దాటినవి తక్కువే, ఒప్పుకుంటాను.

కానీ శాతం లెక్క గమ్మత్తుగా ఉంటుంది. యాభై రాష్ట్రాలకి సమంగా పంచితే ఒక్కోదానికి 2 శాతం. 0.75 అంటే అందులో సగం కూడా కాదు. ఒకడి ముక్క పెరగాలంటే ఇంకొకడి ముక్క తగ్గాల్సిందే, కాలిఫోర్నియా ఏమీ ఊరికే కూర్చోలేదు. మా యూనివర్సిటీలో వెనకటికీ ఇప్పటికీ తేడా నా కళ్లతో చూశాను. శాతంలో మాత్రం అది కనపడదు.

రాజకీయం గురించి కూడా ఒక మాట. ఇక్కడ చిన్న రాష్ట్రమైనా పెద్ద రాష్ట్రమైనా ఇద్దరేసి సెనేటర్లు. 25 రాష్ట్రాలంటే యాభైమంది, సెనేట్‌లో సరిగ్గా సగం. చిప్‌ల తయారీకి, సైన్సుకి డబ్బు పెంచాలని చేసిన 2022 చిప్స్ చట్టంలో ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బులో ఎప్‌స్కోర్ రాష్ట్రాల వాటాని 2029 నాటికి 20 శాతానికి తీసుకెళ్లాలని రాయించుకోగలిగారంటే దాని వల్లే. అలాగని ధీమాగా ఏమీ లేం. 2026 బడ్జెట్‌కి అధ్యక్షుడు పంపిన ప్రతిపాదనలో ఎన్‌ఎస్‌ఎఫ్‌కి సగానికి పైగా కోత అడిగారు. ఆ టెన్షన్ అందరికీ ఉంది.

పెన్షన్ ప్రొఫెసర్
మంగళవారం, రాత్రి 9:02

మన దగ్గర ఇలాంటివి లేవనుకోకండి. నా సర్వీసులో యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లకి డబ్బిచ్చే యూజీసీ స్కీములు సాప్, కోసిస్ట్ చూశాను. 2000లో కేంద్ర సైన్స్ శాఖ డీఎస్‌టీ వాళ్ల ఫిస్ట్ వచ్చింది, ల్యాబ్ సదుపాయాలకి డబ్బిచ్చే స్కీము. మా డిపార్ట్‌మెంట్‌లో మొదటి ఎన్‌ఎంఆర్ మిషన్ ఫిస్ట్ డబ్బుతోనే పెట్టుకున్నాం. ఆ రోజు కొబ్బరికాయ కొట్టింది నేనే. 2013లో రాష్ట్ర యూనివర్సిటీలు, కాలేజీల కోసం రూసా వచ్చింది. ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే 90, 10. దాన్నే 2023లో పీఎం ఉష అన్నారు. ఇప్పుడు దేశమంతా పరిశోధనకి డబ్బిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్. 2023లో చట్టం చేశారు, ఐదేళ్లకి 50 వేల కోట్లన్నారు. అందులో 36 వేల కోట్లు ప్రభుత్వానివి కావు, పరిశ్రమలూ దాతలూ ఇవ్వాలి. వాళ్ల పెయిర్ ప్రోగ్రామ్ మేడమ్ చెప్పిన హబ్ అండ్ స్పోక్ బాపతే. ఒక్కో నెట్‌వర్క్‌కి 100 కోట్ల దాకా అన్నారు.

దేశంలో కాలేజీ చదువులు చదివే పిల్లల్లో నూటికి ఎనభైమంది పైచిలుకు రాష్ట్ర యూనివర్సిటీలూ వాటి అనుబంధ కాలేజీల్లోనే ఉన్నారు. ఐఐటీలో ఉన్నది గుప్పెడు. మెరిట్ మాట గారూ, ఆ ఎనభైమందికి ఎమ్మెస్సీలో ఒక్కసారైనా పనిచేసే మిషన్ చూపించకపోతే మీ మెరిట్ ఎక్కడినుంచి వస్తుంది బాబూ?

మెరిట్ మాట
మంగళవారం, రాత్రి 9:30

సార్, పిల్లలకి మిషన్ చూపించాలనడంలో నాకు పేచీ లేదు. చూపించేవాళ్లు ఉండాలి కదా అంటున్నాను. పద్నాలుగు పోస్టుల్లో ఐదుగురే ఉంటే 100 కోట్లు వచ్చినా ఏం చేస్తారు?

రాళ్లసీమ రసాయనం
మంగళవారం, రాత్రి 9:41

దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజమే అన్నారు.

లెక్కల సెక్షన్
మంగళవారం, రాత్రి 11:50

నేను ప్రొఫెసర్ని కాను. ఒక యూనివర్సిటీలో ప్రాజెక్టుల అకౌంట్స్ చూసే సూపరింటెండెంట్‌ని. ఫైలు మా దగ్గరే ఆగుతుందని సార్లందరూ తిట్టుకుంటారని తెలుసు. మా బల్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడండి.

నడుస్తున్న ప్రాజెక్టులు అరవై పైన. నేనూ, ఒక జూనియర్ అసిస్టెంటూ. ప్రతి ఏజెన్సీకీ ఒక పద్ధతి. 12-ఏ ఫారంలో యూసీ, అంటే డబ్బు వాడిన సర్టిఫికెట్, స్టేట్‌మెంట్ ఆఫ్ ఎక్స్‌పెండిచర్, ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ పీఎఫ్‌ఎంఎస్‌లో ఎంట్రీ. గ్రాంటు మీద బ్యాంకులో పడిన వడ్డీ మనది కాదు, కేంద్రానికి డబ్బు కట్టే పోర్టల్ భారత్ కోశ్‌లో తిరిగి కట్టాలి. మొన్న ఒక సార్ ప్రాజెక్టులో 1,140 రూపాయల వడ్డీ కట్టలేదని రెండో ఏడు డబ్బు ఆగింది. ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ చలానా ఎవరు కట్టాలో ఆర్డర్‌లో రాసి లేదు, చివరికి నా ఫోన్‌లోంచి కట్టాను.

2025 జూన్‌లో కేంద్రం పరిశోధన సంస్థలకు రూల్స్ సడలించింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలైంది. పేపర్‌లో చూసి సార్లు కటింగులు పట్టుకుని వచ్చారు. అది కేంద్రం కింద ఉన్న సంస్థల ఆర్డరు. మాకు రాష్ట్ర ప్రభుత్వపు లోకల్ ఫండ్ ఆడిట్ వాళ్లొస్తారు. వాళ్లకి పేపర్ కటింగ్ పనికిరాదు, మా యూనివర్సిటీ తీర్మానం కావాలి.

మేడమ్ గారికి నా సలహా. ప్రాజెక్టుతో పాటు యూనివర్సిటీ ఖర్చులకని వచ్చే ఓవర్‌హెడ్ డబ్బు మన దగ్గర జనరల్ అకౌంట్‌లో కలిసిపోతుంది. తర్వాత అది కరెంటు బిల్లుకో ఇంకోదానికో పోతుంది. లెటర్ మీద సంతకం పెట్టించే రోజే, ఓవర్‌హెడ్‌లోంచి కాంట్రాక్టు మీద ఒక అకౌంటెంట్‌ని ఈ ప్రాజెక్టుకే పెడతామని రిజిస్ట్రార్ గారితో ఒక నోట్ ఫైల్ వేయించండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

పొద్దుతిరుగుడు
బుధవారం, ఉదయం 5:55

లెక్కల సెక్షన్ గారూ, ఈ చర్చలో మీది అన్నిటికంటే పనికొచ్చే పోస్టు. ఇక్కడ ప్రతి ఎప్‌స్కోర్ రాష్ట్రంలో దీనికంటూ ఒక ఆఫీసు ఉంటుంది. రిపోర్టులు, లెక్కలు, కాలేజీల మధ్య ఒప్పందాలు వాళ్లే చూస్తారు. నేను ల్యాబ్‌లో పడ్డ పాట్లు చాలా ఉన్నాయి కానీ, వడ్డీ చలానా మాత్రం ఎప్పుడూ కట్టలేదు.

ఐదో ఏడు స్కాలర్
బుధవారం, ఉదయం 8:10

మా గోడు కూడా కాస్త వినండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకి 37 వేలు చేశారు, సంతోషమే. ప్రాజెక్టు ఫెలోలకి ఆ డబ్బు ఏడు నెలలకొకసారి వస్తే హాస్టల్ మెస్ వాడు ఏమంటాడో ఊహించుకోండి. మా సీనియర్ ఒకాయన ప్రాజెక్టు మధ్యలో బెంగళూరులో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. ల్యాబ్‌లో ఆ మిషన్ నడపడం వచ్చింది ఆయనొక్కడికే.

బ్రహ్మపుత్ర ఒడ్డున
బుధవారం, మధ్యాహ్నం 1:22

మాది తూర్పు గోదావరి. అస్సాంలో పనిచేయబట్టి చాలా ఏళ్లయింది. ఈశాన్యం కోసం కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డీబీటీ తన బడ్జెట్‌లో 10 శాతం పక్కన పెడుతుంది. 2010-11 నుంచి ట్విన్నింగ్ అని ఒక పద్ధతి నడుస్తోంది. ఇక్కడి సంస్థ ఒకటి, దేశంలో ఇంకో మూల ఉన్న సంస్థ ఒకటి జతకట్టి ప్రపోజల్ పెట్టాలి. స్పోక్‌గా చేరేముందు మేడమ్ గారు వినాల్సింది ఇదే.

నాకు ఇద్దరు కవలలతో అనుభవం. మొదటి జతలో అవతలి వాళ్లకి కావాల్సింది మా శాంపిళ్లు. కొండల మీదికెక్కి మొక్కలు తెచ్చింది మా పిల్లలు. ఐస్ పెట్టెలో పెట్టి విమానంలో పంపాం. రెండేళ్ల తర్వాత పేపర్ వచ్చింది. మా పేర్లు ఐదో స్థానంలో ఒకటి, కృతజ్ఞతల్లో ఒకటి. డీఎన్‌ఏ పని ఎలా చేశారో ఇక్కడ ఒక్కరికీ తెలియదు. ప్రాజెక్టు అయిపోయింది, మేం మళ్లీ మొదటికొచ్చాం.

రెండో జతలో అవతల ఉన్న మేడమ్ మొదటి మీటింగ్‌లోనే శాంపిళ్లు పంపొద్దు, మనుషుల్ని పంపమన్నారు. మా స్కాలర్లు ముగ్గురు మూడేసి నెలలు వెళ్లి నేర్చుకుని వచ్చారు. అందులో ఒకమ్మాయి ఇప్పుడు పక్క జిల్లా కాలేజీలో లెక్చరర్. మూడు కాలేజీల వాళ్లు ఆమె దగ్గరికొచ్చి నేర్చుకుంటున్నారు. అదే స్కీము, అంతే డబ్బు. స్పోక్ అంటే చక్రంలో ఆకు కదా. మిమ్మల్ని ఆకుగా పిలుస్తున్నారో, బండికి కట్టే ఎద్దుగా పిలుస్తున్నారో ముందు తేల్చుకోండి.

పెన్షన్ ప్రొఫెసర్
బుధవారం, సాయంత్రం 6:40

భేష్. మనిషి వెళ్లి నేర్చుకోడానికి టేర్ అని ఒక స్కీము ఉంది, చాలామందికి తెలియదు. రాష్ట్ర యూనివర్సిటీల్లో, కాలేజీల్లో పర్మినెంట్ టీచర్లు ఉద్యోగం వదలకుండానే పెద్ద సంస్థలో ఏడాదికి కనీసం తొంభై రోజులు పనిచేయొచ్చు. మూడేళ్లు. ఏడాదికి 5 లక్షల పరిశోధన డబ్బు వస్తే సగం అక్కడికి, సగం మన కాలేజీకి. చిన్న మొత్తమే. కానీ మా శిష్యుడొకడు దాంతో వెళ్లి తెచ్చుకున్న పరిచయాలు కోటి రూపాయల మిషన్‌కి తక్కువ కావు. అయితే ఆ తొంభై రోజులకి సెలవిచ్చే ప్రిన్సిపాల్ దొరకాలి. అది వేరే కథ.

మెరిట్ మాట
బుధవారం, రాత్రి 10:15

ఇవన్నీ చదివాక నా మాట కొంచెం సవరించుకుంటాను. పంచడమే తప్పు అనడం తొందరపాటే. కానీ చిన్న యూనివర్సిటీ మాత్రమే చేయగలిగేది, పెద్ద సంస్థ చేయలేనిది ఒక్కటి చెప్పండి. జాలితో కాకుండా ఆ పని కోసం డబ్బివ్వాలి.

పొద్దుతిరుగుడు
గురువారం, ఉదయం 6:05

ఈ సంగతి మెయిన్ రాష్ట్రం బాగా పట్టుకుంది. 2014లో వాళ్లు 2 కోట్ల డాలర్లకి పెట్టిన ప్రపోజల్ సముద్రపు సాగు మీద. వాళ్ల తీరం, వాళ్ల ఆల్చిప్పలు, వాళ్ల నాచు. 2016లో హవాయి వాళ్లది భూగర్భ జలాల మీద. అగ్నిపర్వతం రాతిలో నీళ్లు ఎటు పోతాయో బోస్టన్‌లో కూర్చున్నవాళ్లకెందుకు?

మనకి ఉద్దానం లేదా? కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇన్నేళ్లుగా కిడ్నీలు పోతున్నాయి. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. బయటి నుంచి టీములు వస్తాయి, రక్తం, నీళ్లు, మట్టి పట్టుకెళ్తాయి. అవే కుటుంబాలని పదేళ్లు, పదిహేనేళ్లు వదలకుండా చూడాలంటే ఆ జిల్లాలోనే ఫ్రీజర్ ఉండాలి. కరెంటు పోతే అర్ధరాత్రి వెళ్లి జనరేటర్ వేసే మనిషి ఉండాలి. వాళ్ల యాసలో మాట్లాడే స్కాలర్ ఉండాలి. శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో 2008 నుంచి యూనివర్సిటీ ఉంది. పెద్ద సంస్థ అక్కడికి రావచ్చు, ఉండిపోలేదు.

రాళ్లసీమ రసాయనం
గురువారం, మధ్యాహ్నం 12:30

నీళ్లలో ఫ్లోరిన్ కూడా అంతే. మన దేశంలో దానివల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుని మొదట రాసిపెట్టింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఇప్పటికీ మా ఎమ్మెస్సీ పిల్లలు ఇంటి నుంచి బాటిల్‌లో బోరు నీళ్లు తెచ్చి 'మేడమ్, కాస్త చూడండి, నాన్న మోకాళ్లు నొప్పులంటున్నారు' అంటారు. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ ఉంది కాబట్టి అదొక్కటీ చూసి పంపగలను. పురుగుమందుల సంగతి అడిగితే ఆ గుడ్డ వైపు చూస్తాను.

సరే, రేపే శుక్రవారం. ఏం రాయను లెటర్‌లో?

లెక్కల సెక్షన్
గురువారం, మధ్యాహ్నం 2:05

మేడమ్, సంతకం పెట్టండి, కానీ ఉత్త లెటర్ పంపకండి. వెనక ఒక పేజీ జతచేయండి. మిషన్ కొనే టెండర్‌లోనే వారంటీ మూడేళ్లు, ఆపైన రెండేళ్ల మెయింటెనెన్స్ కలిపి రేటు అడగాలని, వారంటీ డెలివరీ నాటి నుంచి కాకుండా ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్ తేదీ నుంచి మొదలవ్వాలని రాయించండి. కొన్నాక ఏఎంసీ అడిగితే కంపెనీ వాడు నెత్తిన కూర్చుంటాడు, కొనకముందు అడిగితే కాళ్ల దగ్గర కూర్చుంటాడు. గది రెడీ అయిందని ఇంజినీరింగ్ సెక్షన్ సర్టిఫికెట్ ఇచ్చాకే పర్చేజ్ ఆర్డర్ వెళ్లాలి. మార్చిలో ఆర్డర్ పెట్టనే వద్దు.

బ్రహ్మపుత్ర ఒడ్డున
గురువారం, మధ్యాహ్నం 2:40

మనుషుల మాట కూడా చేర్చండి. ఏడాదికి ఇద్దరు స్కాలర్లు హబ్‌లో పనిచేసి రావాలి. శాంపిల్ మీది, మొదటి కొలత మీ ల్యాబ్‌లో. పేపర్లో ఎవరి పేరు ఎక్కడన్నది ముందే కాగితం మీద పెట్టండి. ఇప్పుడు మొహమాటపడితే తర్వాత మనసులు విరుగుతాయి.

ఐదో ఏడు స్కాలర్
గురువారం, మధ్యాహ్నం 2:44

మేడమ్, ఫెలోషిప్ ఆలస్యమైతే యూనివర్సిటీ అడ్వాన్స్ ఇస్తుందని కూడా రాయండి. అవదని తెలుసు. రాయండి.

రాళ్లసీమ రసాయనం
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:50

చాలామంది మెసేజ్‌లలో ఏమైందని అడుగుతున్నారు. లెటర్ వెళ్లింది, వెనక పేజీతో సహా. రిజిస్ట్రార్ గారు ఆ పేజీ చూసి 'ఇదేంటమ్మా, వాళ్లు పిలిచిందే ఎక్కువ, మళ్లీ షరతులా' అన్నారు. అయినా సంతకం పెట్టారు. హబ్ వైపు ఉన్న ప్రొఫెసర్ గారు ఫోన్ చేసి, వారంటీ మాట మిగతా స్పోక్‌లకీ పెడుతున్నామన్నారు. స్కాలర్లు వెళ్లి రావడానికి ఒప్పుకున్నారు. టెక్నీషియన్ జీతం మాత్రం ప్రాజెక్టులో కుదరదన్నారు. ప్రాజెక్ట్ అసోసియేట్‌ని తీసుకుని నేర్పించుకోమన్నారు. మూడేళ్లయ్యాక ఆ పిల్లాడు ఎక్కడికెళ్తాడని అడిగితే కాసేపు మాట్లాడలేదు. 'మా దగ్గరా అదే సమస్య మేడమ్' అన్నారు.

అకౌంటెంట్ నోట్ ఫైల్ ఫైనాన్స్ ఆఫీసర్ బల్ల మీద ఉంది. ప్రపోజల్ ఇంకా పరిశీలనలోనే ఉంది, వస్తుందో రాదో తెలియదు. ఈలోగా డిపార్ట్‌మెంట్‌లో స్టోర్ రూమ్ ఖాళీ చేయించాం. పాత జీసీ-ఎంఎస్ పంపు బాగు చేయడానికి ఎంతవుతుందో హబ్ వాళ్ల ఇంజినీర్ ఊరికే వచ్చి చూస్తానన్నాడు.

లెక్కల సెక్షన్
ఆదివారం, రాత్రి 9:15

గది ఎర్తింగ్ చూపించారా మేడమ్?

రాళ్లసీమ రసాయనం
ఆదివారం, రాత్రి 9:18

రేపు ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు. రేపంటే మీకు తెలుసుగా.